సోమవారం మాత్రం మొరాయించని మెషీన్

మా ఇంట్లో యుద్ధం వారానికి ఒక్కసారే, సోమవారం పొద్దున. ఎనిమిది గంటల బస్సుకని నేను చెప్పులు వేసుకుంటుంటే మా నాన్న గడప దగ్గర నిలబడి, "తల్లీ, తొమ్మిది దాకా రాహుకాలం. ఒక్క గంట ఆగి పో" అంటాడు. నేను ఆగను. ఆయన మానడు. మా నాన్న సూర్యనారాయణ శర్మ జమ్మలమడుగులో అర్చకుడు, పురోహితుడు కూడా. ఊళ్లో సగం మంది ఆయన చెప్పిన వేళకే పెళ్లి చేసుకుంటారు, బోరు వేయిస్తారు, పాడి ఆవును కొంటారు. ఆయన మాట వినని మనిషి ఆ చుట్టుపక్కల నేనొక్కదాన్నే.

మిగతా రోజుల్లో రాహుకాలం ఎప్పుడొస్తుందో నాకు తెలియదు. తెలుసుకోకూడదని పంతం. నా బస్సుకు అడ్డం వచ్చేది సోమవారం ఒక్కటే కాబట్టి ఆ ఒక్కటీ తెలుసు. కోపం నాకు ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ అంటుంది. ముక్కు నాన్నదే, కోపమూ నాన్నదే అని ఆమెకు తెలుసు, పైకి అనదు.

"చూడు నాన్నా, రాహుకాలంలో బయల్దేరే సోమవారమే నా మెషీన్ బాగా పనిచేస్తాంది. వారమంతా మొరాయిస్తాది గానీ సోమవారం మాత్రం గుర్రమే. మీ రాహువుకు చెప్పు" అని ఎగతాళి చేసి బస్సెక్కేదాన్ని. ఆ మాట అన్నది నేనే, తర్వాత దాన్ని మింగాల్సి వచ్చింది కూడా నేనే.

ఆ మెషీన్ సంగతి చెప్పాలి. ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ల వీధి వెనక సందులో, బొరుగుల అంగడి మిద్దె మీద మా ఆఫీసు. హుమాయున్ అన్న పదకొండేళ్లు కువైట్‌లో నీళ్ల ట్యాంకరు నడిపి, ఖాళీ దొరికినప్పుడల్లా గదిలో కూర్చుని కంప్యూటరు నేర్చుకుని, తిరిగొచ్చి పెట్టిన కంపెనీ అది. బంగారు అంగళ్లకు బిల్లులు వేసే సాఫ్ట్‌వేర్. పేరు 'తూకం'. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల కలిపి ముప్పై చిల్లర అంగళ్లు దాన్ని వాడుతున్నాయి. కంప్యూటరు అంగట్లో ఉంటుంది గానీ లెక్కలుండేది అక్కడ కాదు. ఎక్కడో ముంబైలో ఒక పెద్ద కంపెనీ దగ్గర మేము అద్దెకు తీసుకున్న మెషీన్‌లో ఉంటాయి. దాన్నే క్లౌడ్ అంటారు. పేరుకు మబ్బే గానీ అదీ ఇనుమే. ప్రతి బిల్లూ అక్కడి డిస్కు మీద రాసుకుని, 'రాసుకున్నా' అని అది జవాబిచ్చాకే ఇక్కడ అంగట్లో కాగితం బయటికొస్తుంది.

రెండు నెలలుగా ఆ జవాబు సరిగ్గా రావడం లేదు. తెర మీద చిన్న చక్రం తిరుగుతూనే ఉంటుంది. శుక్రవారం మధ్యాహ్నం తిరుగుతుంది, శనివారం పొద్దున తిరుగుతుంది, మంగళవారం సాయంత్రం తిరుగుతుంది. ఏ రోజు వేళ ఆ రోజుదే. ఒక గంటసేపు తిప్పలు పెట్టి, ఎవరూ చేయి పెట్టకుండానే బాగవుతుంది. సోమవారం మాత్రం అసలు జబ్బే లేనట్టు ఉంటుంది.

అంగళ్లవాళ్ల ఫోన్లు ఎత్తేది హసీనా వదిన. హుమాయున్ అన్న భార్య, కంపెనీలో సగం యజమాని, తిట్లలో పూర్తి యజమాని. అంగళ్లవాళ్ల దగ్గర తిన్న తిట్లన్నీ ఫోన్ పెట్టగానే ఎదురు బల్ల దగ్గరున్న మొగుడికి వడ్డించేది.

ఒకరోజు వెంకటరమణమ్మ స్వయంగా మెట్లెక్కి వచ్చింది. అరవై దాటిన మనిషి. ప్రొద్దుటూరులో ఒకటి, పులివెందులలో ఒకటి, రెండు అంగళ్లు ఒంటిచేత్తో నడుపుతుంది. ఆమె ఏ తక్కెడ కొంటే మిగతా అంగళ్లవాళ్లూ అదే కొంటారు. ఆమె 'తూకం' పెట్టిందనే ముప్పై మందీ పెట్టారు.

"ఏం హుమాయునూ, నీ చక్రం జూసి జూసి గిరాకీ పక్కంగడికి పోతాంది" అంది కుర్చీ లాక్కుని. "అక్షయ తృతీయకు ఇంగ రెండు వారాలుండాది. ఈసారి శుక్రవారం గూడా కలిసొచ్చింది. ఆ పొద్దు గూడా నీ చక్రం తిరిగిందా, మర్నాడే పీకేసి చేత్తో బిల్లు రాసుకుంటా. నేను పీకినానంటే అందరూ పీకుతారు. చెప్పలేదనుకోవద్దు."

ఆమె దిగిపోయాక హుమాయున్ అన్న కిటికీలోంచి చూస్తూ, "నాతోపాటు ట్యాంకరు నడిపిన నబీ రసూల్ ఫోన్ జేసినాడు. కువైట్‌లో మళ్లా ట్యాంకరు పని ఉండాదంట. నెలాఖరుకు చెప్పమన్నాడు" అన్నాడు.

హసీనా వదిన ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం నేను మొదటిసారి చూశాను. పదకొండేళ్లు ఆమె మొగుణ్ని ఫోన్‌లోనే చూసింది. ఇప్పుడు రోజూ ఎదురు బల్ల దగ్గర కూర్చోబెట్టి కడుపారా తిడుతోంది. నాకు ఉద్యోగం ఇంకెక్కడైనా దొరుకుతుంది. వీళ్లిద్దరూ మళ్లీ ఫోన్లో మాట్లాడుకునే మొగుడూ పెళ్లాలవుతారంటే మాత్రం నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆ ఏడుపు కోపంగా మారి, ఆ కోపమంతా మెషీన్ మీదికి పోయింది.

అప్పటికి మేము చేయని వైద్యం లేదు. ప్రాసెసర్ చూస్తే గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంది. మెమరీ సగం ఖాళీ. తప్పంతా డిస్కు దగ్గర. మామూలుగా రెప్పపాటులో జవాబిచ్చేది, చక్రం తిరిగే వేళ మనం కాఫీ తాగి వచ్చినా ఇవ్వదు. క్లౌడ్ కంపెనీకి రాస్తే, రోజు సగటు చూశామనీ డిస్కు పరిమితిలోనే ఉందనీ జవాబు. ఏడాది సగటు చూస్తే మా కడప జిల్లాలో మే నెల కూడా చల్లనిదే.

హుమాయున్ అన్న సిద్ధాంతం వేరు. ఆదివారం రాత్రి ఆయన మెషీన్‌ను ఒకసారి ఆపి మళ్లీ మొదలుపెడతాడు. సోమవారం అది బాగుంటుంది. కాబట్టి మెషీన్‌కు కావాల్సింది నిద్రే. సరే చూద్దామని రోజూ రాత్రి నిద్రపుచ్చాం. మంగళవారం సాయంత్రం ఎప్పటిలాగే చక్రం తిరిగింది. ఇంకొంచెం పెద్ద మెషీన్ తీసుకున్నాం. పెద్ద మెషీన్ మీద కూడా చక్రం అదే తీరుగా, అదే వేళకు తిరిగింది.

వెంకటరమణమ్మ వచ్చి వెళ్లిన మర్నాడు నేను రోజు సగటు పక్కన పెట్టి, నిమిషం నిమిషానికి డిస్కు ఏం చేస్తోందో గీతలు గీయించాను. అసలు సంగతి అందులో సగం దొరికింది.

మేము అద్దెకు తీసుకున్న రకం డిస్కుకు ఒక పద్ధతి ఉంది. దాని మామూలు వేగం తక్కువే. ఖాళీగా ఉన్నప్పుడు వాడని వేగమంతా ఒకచోట పొదుపవుతుంది. రద్దీ రాగానే ఆ పొదుపు ఖర్చుపెట్టుకుని జోరుగా పరుగెత్తుతుంది. పొదుపు అయిపోయిందా, మళ్లీ నత్తనడకే. పులివెందులలో చీనీ అనే బత్తాయి తోటల్లో బోరు చూసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. మోటారు ఆపి ఉంచితే లోపల నీళ్లు ఊరుతాయి. వేయగానే పైపు నిండా దూకుతాయి. ఊరినవి అయిపోయాక బోరు దగ్గుతుంది. మేము పెద్ద మెషీన్ తెచ్చి పెద్ద మోటారు బిగించాం గానీ ఊట పాతదే.

విచిత్రమేమిటంటే, చక్రం తిరగడానికి ముందు గంటన్నరలోనే ఆ పొదుపంతా కరిగిపోతోంది. ఆ గంటన్నరలో చూస్తే బిల్లులే లేవు. ముప్పై అంగళ్లలోనూ ఒక్క బిల్లు పడదు. బిల్లులే పడని వేళలో నీళ్లన్నీ తోడేస్తున్నది ఎవరు?

"హ్యాకర్లు" అన్నాడు హుమాయున్ అన్న, గొంతు తగ్గించి. "రష్యావాళ్లయినా అయ్యుంటారు."

"రష్యావాళ్లకు జమ్మలమడుగు కమ్మల లెక్క ఎందుకు జీ?" అంది హసీనా వదిన.

రష్యా దాకా పోనక్కర్లేకపోయింది. ఆ వేళలో డిస్కును తోడుతున్నది మా సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్న 'మొత్తం నిల్వ' అనే మీట. హుమాయున్ అన్నకు ప్రాణమైన మీట అది. అంగట్లో ఏ నగలు ఎన్ని ఉన్నాయో, మొదటి రోజు మొదటి బిల్లు నుంచి లెక్క తీసి గ్రాము తేడా లేకుండా చెబుతుంది. ఒక్కసారి నొక్కితే డిస్కు ఏళ్ల లెక్కంతా చదవాలి. నెలకొకసారి నొక్కుతారని పెట్టింది. ఇప్పుడు ముప్పై అంగళ్లవాళ్లూ కూడబలుక్కున్నట్టు రోజూ ఒకే వేళకు, మళ్లీ మళ్లీ నొక్కుతున్నారు. ఎందుకు నొక్కుతున్నారని హసీనా వదిన ఫోన్ చేసి అడిగితే, "మేమేం జేసినామమ్మా, ఊరికే కూసోనుంటిమి" అని అందరిదీ ఒకటే జవాబు.

ఏం జరుగుతోందో గీతలు చూస్తే తెలుస్తుంది. ఎందుకు జరుగుతోందో తెలియాలంటే అంగట్లో నిలబడాలి. గురువారం వెంకటరమణమ్మ పులివెందుల అంగట్లో ఉంటుందని తెలిసి, ముద్దనూరు మీదుగా బస్సు పట్టుకుని పోయాను.

నేను పోయేసరికి అంగడి కళకళలాడుతోంది. చీనీ కాయలు కోతకోసి లారీకెత్తిన రైతులు పెళ్లాలను వెంటబెట్టుకుని వచ్చారు. బిల్లులు టపటపా పడుతున్నాయి. ఒంటిగంటన్నర అయ్యిందో లేదో, ఎవరో ఈల ఊదినట్టు అన్నీ ఆగిపోయాయి. ఒకామె గొలుసు మెడలో వేసుకుని, అద్దంలో ముందుకూ పక్కకూ చూసుకుని, నచ్చిందని చెప్పి, మళ్లీ తీసి ట్రేలో పెట్టి మొగుడి పక్కన బెంచీ మీద కూర్చుంది. ఆయన సోడా తెప్పించాడు. వెనక ఇంకో నాలుగు కుటుంబాలు అలాగే కూర్చున్నాయి.

"ఏందమ్మా, గొలుసు నచ్చిందంటాండారు గదా, బిల్లు వేయరేం?" అన్నాను వెంకటరమణమ్మతో.

"మూడయినాక."

"యాల?"

ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "మే పాపా, రాహుకాలం గదా! అయ్యవారి బిడ్డవు, నీకు నేను జెప్పాల్నా?"

బెంచీ మీదివాళ్లంతా నవ్వారు. సోడా తాగుతున్నాయనకు పొలమారింది. నా చెవులు వేడెక్కాయి. ఇంకెవరైనా ఆ మాట అంటే నాలుగు దులిపేదాన్నే. కానీ అప్పటికే నా కళ్లు కౌంటరు మీద ఉన్నాయి. గిరాకీ ఆగగానే అక్కడి అమ్మాయిలు ట్రేలు బయటికి తీసి కమ్మలు లెక్కపెట్టి, 'మొత్తం నిల్వ' నొక్కి తెరతో సరిచూసుకుంటున్నారు. తర్వాత ఉంగరాల ట్రే. మళ్లీ నొక్కుడు. గాజుల ట్రే. మళ్లీ నొక్కుడు.

"ఇది రోజూ చేస్తారా?"

"చేయకుంటే ఎట్ల? ఊరికే కూసోబెట్టి జీతమిస్తామా?" అంది వెంకటరమణమ్మ గర్వంగా. "రాహుకాలంలో ఎట్లా గిరాకీ ఉండదు. లెక్క జూసుకోండప్పా అని రెండు నెలల కిందట మా అంగళ్ల సంఘం మీటింగులో అందరికీ నేనే జెప్పినా. ఇప్పుడు అన్నంగళ్లలో ఇదే పద్ధతి."

మూడు కొట్టగానే బెంచీలు ఖాళీ అయి కౌంటరు నిండిపోయింది. ఇక్కడే కాదు, మూడు ఊళ్లలో ముప్పై అంగళ్లలోనూ ఒకే నిమిషంలో అందరూ బిల్లు వేయబోయి ఉంటారు. గంటన్నరసేపు తోడిపోసిన బోరు మీద ఒక్కసారిగా అందరూ మోటార్లు వేశారు. తెర మీద చక్రం మొదలైంది.

"చూడు, చూడు, వచ్చె నీ చక్రం!" అని అరిచింది వెంకటరమణమ్మ.

నాకు నవ్వాగలేదు. ఆమె నాకు పిచ్చెక్కిందనుకుని నీళ్లు ఇప్పించింది. నేను బయటికొచ్చి నాన్నకు ఫోన్ చేశాను.

"నాన్నా, శనివారం రాహుకాలం ఎన్నింటికి?"

"ఆరోగ్యం బాగుండాది గదా తల్లీ?" అన్నాడు కంగారుగా.

"బాగుండాది. చెప్పు నాన్నా."

ఇన్నేళ్లుగా కూతురు ఒక్కసారి అడగకపోతుందా అని దాచుకున్నదంతా ఆయన ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. శనివారం తొమ్మిది నుంచి పదిన్నర. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు. మంగళవారం మూడు నుంచి నాలుగున్నర. ఆయన చెప్పేకొద్దీ నా గీతల్లోని చక్రాలు ఒక్కొక్కటే వచ్చి ఆ వేళల చివర కూర్చున్నాయి. "సోమవారం నీకు తెలిసిందే. ఏడున్నర నుంచి తొమ్మిది" అని ముగించాడు.

రోజూ ఎనిమిదిన్నరకు తెరిచే బంగారు అంగళ్లు సోమవారం తొమ్మిది దాకా తెరవనే తెరవరు. రాహుకాలం అయిపోయాకే తాళం తీస్తారు. ఆ రోజు లెక్కలకు సందు లేదు కాబట్టే మెషీన్ గుర్రంలా పరుగెత్తేది. హుమాయున్ అన్న నిద్ర వైద్యానికీ దానికీ ఏ సంబంధమూ లేదు. రాహువుకు చెప్పమని నేను ఎగతాళి చేశానే, రాహువు నాకు ప్రతి సోమవారం చెబుతూనే ఉన్నాడు.

జబ్బు తెలిశాక మందు తేలిక అనుకున్నాం. పొదుపుతో పనిలేకుండా ఎప్పుడూ జోరుగా ఉండే రకం డిస్కులు ఉన్నాయి. కానీ వాటి మీదికి మారేటప్పుడు కొన్ని రోజులు డిస్కు ఇంకా నెమ్మదిస్తుందట. పండగ వాకిట్లో ఉండగా ఆ సాహసం వద్దనుకున్నాం. 'మొత్తం నిల్వ'ను తిరగరాసి తేలిక చేయొచ్చు. అదీ తొందరలో ముట్టుకునే పని కాదు, బంగారం లెక్క తప్పితే మమ్మల్ని పెన్నలో ముంచుతారు. పండగ దాకా చేయాల్సింది ఒక్కటే. రాహుకాలంలో ఆ మీట ఎవరూ నొక్కకూడదు.

"మీటే తీసేస్తే?" అన్నాడు హుమాయున్ అన్న, కన్నబిడ్డను దత్తతిస్తున్నంత బాధగా.

"తీసేయ్. వెంకటరమణమ్మ మన మెట్ల మీదనే పండగ జేసుకుంటాది" అంది హసీనా వదిన.

ఆమె ఫోన్లు చేసి బతిమాలింది. ఎవరూ వినలేదు. 'ఖాళీగా కూసోమంటావా' అన్నారు. రాత్రి అంగడి కట్టేటప్పుడు లెక్క చూసుకోమంటే, పొద్దుగూకి దీపాలు పెట్టినాక బంగారం లెక్కపెట్టడం తమ ఇంటా వంటా లేదని వెంకటరమణమ్మ తేల్చేసింది. ఆమె ఒప్పుకుంటే గానీ మిగతావాళ్లు ఒప్పుకోరు.

ఆ సాయంత్రం ఇంటికిపోయి నాన్నను అడిగాను. రాహుకాలంలో బంగారం లెక్కపెట్టడం అరిష్టమని ఒక్క మాట వెంకటరమణమ్మకు చెప్పమన్నాను. ఆయన చెబితే ఆమె వింటుంది.

"అట్లని శాస్త్రంలో లేదు" అన్నాడు నాన్న.

"ఒక్క మాట నాన్నా. హుమాయునన్న మళ్లా కువైట్ పోవాల్సొస్తాది."

"రాహుకాలంలో కొత్త పని మొదలుపెట్టకూడదు. రోజూ చేసే లెక్క కొత్త పని కాదు. శాస్త్రంలో లేనిది నా నోట రాదు తల్లీ."

సోమవారం కాని రోజు మా ఇంట్లో జరిగిన మొదటి యుద్ధం అది. నీ శాస్త్రం నా బస్సుకు అడ్డం రావడానికే పనికొస్తుంది గానీ ఒక మనిషిని ఊళ్లో ఉంచడానికి పనికిరాదా అన్నాను. అన్నం తినకుండా పడుకున్నాను. అమ్మ రెండుసార్లు వచ్చి పిలిచి పోయింది. ఆ రోజు నాన్న కూడా తినలేదని తెల్లారాక చెప్పింది.

పొద్దున నేను బస్టాండుకు వచ్చేసరికి నాన్న ఉతికిన పంచె కట్టుకుని, ఉత్తరీయం కప్పుకుని నాకంటే ముందే ప్రొద్దుటూరు బస్సులో కూర్చుని ఉన్నాడు. దిగాక నేరుగా వెంకటరమణమ్మ అంగడి దోవ పట్టాడు. నేను వెనకే నడిచాను.

"సామీ, మీరొచ్చినారా!" అని ఆమె లేచి కుర్చీ వేయించింది.

నాన్న కూర్చోలేదు. "అమ్మా, నేను శాస్త్రం చెప్పేదానికి రాలేదు. శాస్త్రంలో ఇది లేదు. నా కూతురు చెప్పిన మాట చెప్తా. రాహుకాలంలో మీరంతా ఆగుతాండారు. మంచి వేళ వచ్చినాక కదుల్తాండారు. మంచిదే. మనుషులందరికీ విశ్రాంతి ఇచ్చి ఆ మెషీన్‌తో మాత్రం ఆ గంటన్నరా గొడ్డుచాకిరీ చేయిస్తాండారంట. మళ్లా మీరు లేచిన నిమిషంలోనే దాన్నీ పరుగెత్తమంటే యాడ పరుగెత్తుతాదమ్మా? మీతోపాటే దాన్నీ ఆ కాసేపు ఆపండి."

"మెషీన్‌కు రాహుకాలమేంది సామీ?"

"నాకు మెషీన్లు తెల్దు. నా కూతురికి తెలుసు. నా పంచాంగం మీద నాకెంత నమ్మకముండాదో, ఈ పాప లెక్క మీద అంత నమ్మకముండాది. ఈ పండక్కు దాని మాట వినండి."

గొడవపడిన సోమవారాలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. చెప్పులు వేసుకుని విసురుగా పోయిన కూతురి మీద ఆయనకు ఇంత నమ్మకం ఉందని నాకు ఒక్కనాడూ తెలియదు. తల ఎత్తితే ఏడుస్తానని ఉంగరాల ట్రే వైపు చూస్తూ నిలబడ్డాను.

వెంకటరమణమ్మ ఆలోచించింది. "మరి లెక్క ఎప్పుడు జూసుకోవాల?"

"పొద్దున అంగడి తెరిచి దీపం పెట్టినాక, మొదటి చూపు బంగారం మీద పెట్టి లెక్క జూసుకోండి. అది శుభమే. అది మాత్రం నా మాటగా తీసుకోండి."

ఆమె ముఖం విప్పారింది. వెంటనే ఫోన్ తీసి సంఘంలో ఒక్కొక్కరికీ చెప్పడం మొదలుపెట్టింది. "ఏమప్పా, మెషీన్‌కు గూడా రాహుకాలం పాటించాలంట. జమ్మలమడుగు అయ్యవారు, వాళ్ల పాప ఇద్దరూ జెప్పినారు. లెక్క పొద్దున్నే. మధ్యలో ఎవురన్నా నొక్కినారని తెలిస్తే నేనే వస్తా." హసీనా వదిన అన్ని ఫోన్లు చేసి బతిమాలినా జరగనిది అరగంటలో జరిగిపోయింది.

అక్షయ తృతీయ శుక్రవారం ఆఫీసులో మేము ముగ్గురం ఒకే తెర ముందు కూర్చున్నాం. అంగళ్లవాళ్లు తెల్లవారగానే తెరిచి, దీపం పెట్టి, లెక్కలు ముగించారు. పదిన్నరకు బిల్లులు ఆగాయి. డిస్కు పొదుపు గీత పైకి లేవడం మొదలైంది. ఎండాకాలం బోరులో నీళ్లు ఊరుతుంటే చూస్తున్నట్టుంది. కింద బంగారు అంగళ్ల వీధిలో జనం కిటకిటలాడుతున్నారు, అంతా పన్నెండు కోసం ఆగినవాళ్లే.

పదకొండున్నర దాటాక గీత ఉన్నట్టుండి కిందికి జారింది.

"ఎవురో నొక్కినారు!" అని లేచాను. హసీనా వదిన ఫోన్ అందుకుని జమ్మలమడుగు నుంచి మొదలుపెట్టి వరసగా తిట్టబోయింది. గీత మళ్లీ జారింది. ఏ అంగడి పేరుతో నొక్కారో నేను వెతికాను. అంగడి పేరు లేదు. నొక్కింది మా ఆఫీసులోంచే.

ఇద్దరం తిరిగి చూశాం. హుమాయున్ అన్న మూలన నిలబడి ఫోన్ వెనక దాచుకున్నాడు. "పనిచేస్తాందో లేదో అని... ఒకసారి చూద్దామని..."

"రెండుసార్లు!" అన్నాను.

హసీనా వదిన ఫోన్ లాక్కుని తన హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. "నువ్వు మసీదుకు పో. నమాజుకు టైమయ్యింది."

"ఇంకా గంటుండాది హసీనా."

"ముందే పోయి ముందు వరసలో కూసో. మా అందరి కోసం దువా చెయ్. ఈడ మాత్రం ఉండొద్దు."

ఆయన టోపీ పెట్టుకుని మెట్లు దిగాడు. గీత మెల్లగా మళ్లీ ఎక్కింది. పన్నెండు కొట్టింది.

ముప్పై అంగళ్ల నుంచి బిల్లులు జడివానలా పడ్డాయి. పొదుపు గీత దిగడం మొదలైంది. దిగుతోంది, దిగుతోంది, కానీ ఇంకా ఉంది. తెర మీద బిల్లులు రెప్పపాటులో జారిపోతున్నాయి. హసీనా వదిన నా చేయి పట్టుకుంది, గోళ్లు దిగేలా. నేను వదిలించుకోలేదు. ఒంటిగంట దాటింది. ఫోన్ మోగింది. ఇద్దరం ఉలిక్కిపడ్డాం.

వెంకటరమణమ్మ. "ఏం హసీనా, చక్రం యాడబోయింది? కనపడలే. మా పిల్లోళ్లకు తోచడంలే" అని పకపకా నవ్వింది. వెనక జనం గోల.

రెండు దాటాక రద్దీ తగ్గింది. గీత అడుగు దాకా పోయి, అడుగు తగలకుండానే మళ్లీ లేచింది. హుమాయున్ అన్న మెట్ల మలుపు దగ్గర తల మాత్రం పెట్టి, "రావచ్చునా?" అన్నాడు.

"రా" అంది హసీనా వదిన. హ్యాండ్‌బ్యాగు తెరిచి ఫోన్ తీసి ఇచ్చింది. "ముందు నబీ రసూల్‌కు చేసి రానని చెప్పు. నా ముందరే చెప్పు."

ఆయన చెప్పాడు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, "ఇంగ ఆ మీట జోలికి పోయినావో..." అని మొదలుపెట్టింది.

ఆ తర్వాత వచ్చిన సోమవారం ఎనిమిదికి నేను చెప్పులు వేసుకుని గడప దగ్గర ఆగాను. నాన్న పేపరు చదువుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

"ఏం నాన్నా, ఈ పొద్దు ఏమీ అనవా?"

"ఏమనాల? సోమవారం నీ మెషీన్ బాగుంటాదంటివి గదా. పో తల్లీ, బస్సు పోతాది."

ఆయన ఆగమంటే నా కాళ్లు పరుగెత్తేవి. పొమ్మంటే కదలనన్నాయి. చెప్పులు విప్పి వచ్చి ఆయన పక్కన కూర్చున్నాను. ఆయన పేపరు మడిచి లోపలికి చూసి, "పాపకు కాఫీ ఇయ్యి" అని అమ్మను కేకేశాడు.

గంట ఆలస్యమవుతుందని చెప్పడానికి ఆఫీసుకు ఫోన్ చేశాను. ఎత్తారు గానీ నా మాట ఎవరూ వినలేదు. అవతల హసీనా వదిన గొంతు ఒక్కటే వినిపిస్తోంది, ఎదురు బల్ల దగ్గర హుమాయున్ అన్నను కూర్చోబెట్టి తిడుతోంది. కాఫీ వచ్చేదాకా వింటూ కూర్చున్నాను.